పెన్ డ్రైవు నుండి నడచు లినక్సు – విద్యార్థికి దాని ప్రయోజనము

నేటి యుగము కంప్యూటరు యుగమని సభలలోను పత్రికలలోను తరచుగా వినుచున్నాము. అయితే ఆ యుగమునందు సొంత కంప్యూటరు లేని విద్యార్థికి చోటెక్కడ అని అడుగువారు అరుదు. మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల కళాశాలలలో చదువుకొనువారిలో అనేకులు బీడీలు చుట్టు తల్లుల బిడ్డలు; సిరిసిల్ల మరమగ్గముల మీదను, గోదావరిఖని, బెల్లంపల్లి బొగ్గు గనులలోను పనిచేసిన వారి బిడ్డలు; ఉట్నూరు వైపు అడవి పల్లెలనుండి వచ్చి హాస్టళ్ళలో ఉండి చదువుకొనువారు. వీరి చేతిలో ఫోను ఉన్నను, ఇరువది పుటల ప్రాజెక్టు వ్యాసము వ్రాయుటకు, ప్రోగ్రాము వ్రాసి నడిపి చూచుటకు కంప్యూటరు కావలెను. అది కళాశాల ల్యాబులో వారమునకు కొన్ని గంటలు దొరకును. లేనిచో బజారులోని ఇంటర్నెట్ కేంద్రములో గంటకు ఇంత అని చెల్లించి వాడుకొనవలెను.

ఇట్టి విద్యార్థికి యంత్రము లేకపోవుట ఒక చిక్కు. దొరికిన యంత్రము తనది కాకపోవుట రెండవ చిక్కు. నేడు కూర్చున్న యంత్రములో తెలుగు టైపు చేయు సదుపాయముండును. రేపటి యంత్రములో ఉండదు. నిన్న దాచిన ఫైలును నేడు ఎవరో చెరిపివేసి యుందురు. ఒక యంత్రమునందలి వైరస్ ఫైళ్ళతోపాటు మరియొక యంత్రమునకు ప్రాకును. మొదటి చిక్కును తీర్చుట ఒక వ్యాసము వలన కాదు. రెండవ చిక్కును మాత్రము కొన్ని వందల రూపాయల పెన్ డ్రైవుతో చాలవరకు తీర్చుకొనవచ్చును. యంత్రము ఎవరిదైనను, దానిని నడుపు వ్యవస్థ విద్యార్థి జేబులోనే ఉండు ఆ పద్ధతిని వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

లినక్సు పుట్టుపూర్వోత్తరములు

కీబోర్డు మీద నొక్కిన అక్షరమును తెరపై చూపుటకు, ఫైలును డిస్కులో దాచుటకు, ఏ పనికి ఎంత మెమరీ ఇవ్వవలెనో నిర్ణయించుటకు కంప్యూటరులో ఒక పెత్తందారు ప్రోగ్రాము కావలెను. దానినే ఆపరేటింగ్ సిస్టము అందురు. మనము సాధారణముగా చూచు విండోస్ అట్టిది. లినక్సు కూడ అట్టిదే; కాని దాని పుట్టుక వేరు.

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను కార్యక్రమమును ప్రకటించెను. ప్రోగ్రామును వాడుటకు, అది ఎట్లు పనిచేయునో చదువుటకు, మార్చుటకు, ఇతరులకు పంచుటకు అందరికిని హక్కుండవలెనన్నది ఆయన సిద్ధాంతము. 1991లో ఫిన్లండు దేశమునందు హెల్సింకీ విశ్వవిద్యాలయములో చదువుచున్న లినస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి, ఇరువదియొక్క ఏండ్ల వయస్సులో, లినక్సు కెర్నెలును ప్రకటించెను. ఈ రెంటి కలయికయే నేటి లినక్సు వ్యవస్థ. దీని నకలును మిత్రునికి ఇచ్చుట దొంగతనము కాదు. ఆ హక్కును లైసెన్సే ఇచ్చుచున్నది.

మొదట లినక్సును హార్డ్ డిస్కులో స్థాపించి వాడెడివారు. 2000లో జర్మనీకి చెందిన క్లాస్ క్నాపర్ విడుదల చేసిన క్నాపిక్స్ వలన, ఏమియు స్థాపింపకయే, సీడీనుండి నేరుగా పూర్తి లినక్సును నడుపు పద్ధతి ప్రపంచమంతట ప్రచారము పొందినది. ఆ సంవత్సరమే పెన్ డ్రైవులును బజారులోనికి వచ్చినవి. ఆనాటి పెన్ డ్రైవులో పట్టినది 8 మెగాబైట్లు. నేటి 32 గిగాబైట్ల డ్రైవు దానికి నాలుగు వేల రెట్లు. కావున ఒకనాడు సీడీ చేసిన పనిని నేడు వ్రేలెడంత పెన్ డ్రైవు చేయుచున్నది. సీడీపై మరల వ్రాయుట కష్టము. పెన్ డ్రైవుపై వ్రాయవచ్చును. ఇది గొప్ప భేదము.

మన దేశమునందును ఈ కృషి జరిగినది. హైదరాబాదునందు స్వేచ్ఛ అను సంస్థ తెలుగు లినక్సును విడుదల చేసినది. భారత ప్రభుత్వ సంస్థయగు సీ-డాక్ 2007లో బాస్ లినక్సును భారతీయ భాషల సదుపాయముతో వెలువరించినది. కేరళ రాష్ట్రము తన ప్రభుత్వ పాఠశాలల కంప్యూటరు విద్యను లినక్సు మీదనే నడుపుచున్నది.

పనిచేయు విధానము

కంప్యూటరు మీట నొక్కగానే మొదట మేల్కొనునది మదర్‌బోర్డు మీది చిన్న చిప్పులో వ్రాయబడిన ప్రోగ్రాము. పాత యంత్రములలో దీనిని బయాస్ అనియు, ఇటీవలి యంత్రములలో యు.ఇ.ఎఫ్.ఐ. అనియు పిలుతురు. ఆపరేటింగ్ సిస్టము ఎక్కడ నున్నదో ఇది వరుసగా వెదకును. సాధారణముగా ముందు హార్డ్ డిస్కును చూచును. ఈ పర్యాయము పెన్ డ్రైవును చూడుమని మనము చెప్పినచో, పెన్ డ్రైవులోని బూట్ లోడరు అను చిన్న ప్రోగ్రాము లినక్సు కెర్నెలును మెమరీలోనికి చేర్చి, అధికారమును దానికి అప్పగించును.

తక్కిన వ్యవస్థ యంతయు పెన్ డ్రైవులో స్క్వాష్ ఎఫ్.ఎస్. అను పద్ధతిలో ఒత్తి కట్టిన ఒకే మూటగా ఉండును. కెర్నెలు ఆ మూటను పూర్తిగా విప్పదు. ఏ ప్రోగ్రాము కావలెనో దానికి చెందిన భాగమును మాత్రము అప్పటికప్పుడు విప్పి మెమరీలోనికి తీసికొనును. ఆ మూట చదువుటకే గాని వ్రాయుటకు కాదు.

అయినచో మనము చేసిన మార్పులు ఎక్కడ నిలుచును? ఇందుకు ఓవర్‌లే అను ఏర్పాటు కలదు. గ్రంథాలయ పుస్తకము మీద గీతలు గీయరాదు గనుక, పుటపై పలుచని ట్రేసింగు కాగితముంచి దానిపై వ్రాసితిమనుకొనుడు. చూచువారికి అచ్చక్షరములు, మన వ్రాత కలిసి ఒకే పుటగా కనిపించును, పుస్తకము చెడదు. ఇచ్చట ఒత్తి కట్టిన మూట పుస్తకము, మెమరీ ట్రేసింగు కాగితము. యంత్రమును ఆపగానే మెమరీ శూన్యమగును, కాగితము పోవును. మరునాడు అదే పుస్తకము మరకలేకుండ మరల లభించును.

ఆ కాగితమును దాచుకొనవలెనన్నచో పెన్ డ్రైవులో కొంత చోటును దానికి కేటాయించవలెను. దీనిని పర్సిస్టెన్స్ అందురు. మనము నిలువ భాగము అని చెప్పుకొనవచ్చును. అప్పుడు మన ఫైళ్ళు, ఫాంట్లు, కీబోర్డు ఏర్పాట్లు అన్నియు మనతోనే ప్రయాణము చేయును. ఈ వ్యవహారమంతటిలో హార్డ్ డిస్కుతో పనియే లేదు. హార్డ్ డిస్కు చెడిపోయిన యంత్రము కూడ ఈ విధముగా నడచును.

మన పల్లెలలో పటము కథ చెప్పువారిని పెద్దలు ఎరుగుదురు. ఊరు మారును, అరుగు మారును, వినువారు మారుదురు. వారు వెంట తెచ్చు పటము మాత్రము వారిదే. కథ ముగియగానే పటమును చుట్టుకొని పోవుదురు. అరుగు ఎట్లుండెనో అట్లే ఉండును. పెన్ డ్రైవు లినక్సు స్వభావమును ఇంతకంటె సులభముగా చెప్పుట కష్టము.

తయారుచేయు క్రమము

ఒకటి: 16 లేదా 32 గిగాబైట్ల మంచి పెన్ డ్రైవును తీసికొనవలెను. దానిలోని పాత ఫైళ్ళన్నియు చెరిగిపోవును గనుక ముందుగా వేరొక చోట దాచుకొనవలెను. యంత్రములో యు.ఎస్.బి. 3 ద్వారము ఉన్నచో అందుకు తగిన డ్రైవే మేలు. యు.ఎస్.బి. 2 వేగము సెకనుకు 480 మెగాబిట్లు కాగా, యు.ఎస్.బి. 3.0 వేగము 5 గిగాబిట్లు.

రెండు: లినక్సులలో ఒకదానిని ఎన్నుకొనవలెను. 1993లో మొదలైన డెబియన్ స్థిరమైనది. దాని లైవ్ రూపములలో ఎక్స్.ఎఫ్.సి.ఇ. అను తేలిక తెరతో కూడినది మన ల్యాబుల సాధారణ యంత్రములకు చాలును. మిక్కిలి పాత యంత్రములకు, 2003లో ఆరంభమైన పప్పీ లినక్సు కలదు. అది కొన్ని వందల మెగాబైట్లలోనే ఇముడును. మెమరీలోనికి పూర్తిగా ఎక్కి వేగముగా నడచును.

మూడు: ఆ లినక్సు అధికారిక స్థానమునుండియే ఐ.ఎస్.ఓ. అను ప్రతిరూప ఫైలును దింపుకొనవలెను. దింపిన పిదప దాని షా-256 లెక్కను సరిచూడవలెను. ఇది ఫైలుకు వ్రేలిముద్ర వంటిది. 64 గుర్తుల వరుసగా ఉండును. మన ఫైలు వ్రేలిముద్ర, ప్రకటించిన వ్రేలిముద్ర ఒకటియైననే ఫైలు చెడకుండ వచ్చినట్లు. ఈ మెట్టును దాటవేయువారు పిదప కారణము తెలియని లోపములతో పూటలు పోగొట్టుకొందురు.

నాలుగు: ఐ.ఎస్.ఓ. ఫైలును పెన్ డ్రైవులోనికి మామూలుగా కాపీ చేసిన ప్రయోజనము లేదు. విండోస్ యంత్రములో రూఫస్ అను ఉచిత ప్రోగ్రాముతో దానిని వ్రాయవలెను. డెబియన్, ఉబుంటు వంటి వాటికి నిలువ భాగము ఎంత ఉండవలెనో అందులోనే నిర్ణయించుకొనవచ్చును. వ్రాయుటకు ముందు, ఎన్నుకొన్నది మన పెన్ డ్రైవేనా అని రెండుసార్లు చూడవలెను.

ఐదు: యంత్రమును పూర్తిగా ఆపి, పెన్ డ్రైవును తగిలించి, మీట నొక్కిన వెంటనే బూట్ పట్టికను తెరచు కీని నొక్కవలెను. కంపెనీని బట్టి అది ఎఫ్ 12, ఎఫ్ 9, ఎస్కేప్ మొదలగు వానిలో ఒకటి. పట్టికలో పెన్ డ్రైవును ఎన్నుకొన్నచో లినక్సు తెర వచ్చును.

ఆరు: ఒక చిన్న ఫైలును వ్రాసి దాచి, యంత్రమును ఆపి, మరల నడిపి చూడవలెను. ఆ ఫైలు ఉన్నచో నిలువ భాగము సరిగా పనిచేయుచున్నట్లు. ఈ పరీక్ష జరుగక మునుపు ముఖ్యమైన వ్రాతను దానికి అప్పగింపరాదు.

మూడు లిపులు – ఒక పెన్ డ్రైవు

మన ప్రాంతమునకు ఈ పద్ధతి వలన గల ప్రత్యేక ప్రయోజనము లిపుల విషయమున కనిపించును. మన కళాశాలలో తెలుగు, ఉర్దూ రెండును వ్రాయువారున్నారు. ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలమునందలి గుంజాల గ్రామములో గోండి భాషకు చెందిన ప్రత్యేక లిపిలో వ్రాతప్రతులు లభించినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు, ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు మున్నగువారు ఆ లిపిని వెలుగులోనికి తెచ్చుటకు కృషి చేసిరి. 2018లో వెలువడిన యూనికోడ్ 11వ కూర్పులో గుంజాల గోండి లిపికి 63 సంకేతములు చేరినవి. అనగా ప్రపంచమునందలి కంప్యూటర్ల ఉమ్మడి అక్షరమాలలో మన ఆదిలాబాదు పల్లె పేరుతో ఒక అధ్యాయము ఏర్పడినది.

అయితే సంకేతము ఏర్పడినంత మాత్రమున అక్షరము తెరపై కనిపించదు. ఆ సంకేతమునకు ఆకారమునిచ్చు ఫాంటు యంత్రములో ఉండవలెను. లేనిచో అక్షరములకు బదులు గళ్ళు కనిపించును. డి.టి.పి. కేంద్రములలో వాడు పాత పద్ధతి తెలుగు ఫాంట్ల సంగతి ఇంకను విచిత్రము. అవి ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు ఆకారములను కూర్చినవి గనుక, ఆ ఫాంటు లేని యంత్రములో మన వ్యాసము అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల రాశిగా మారును.

నాకు తెలిసిన ఒక విషయము చెప్పెదను. ఉట్నూరు వైపునుండి వచ్చిన డిగ్రీ విద్యార్థిని యొకతె గుంజాల లిపిపై సెమినార్ వ్యాసము సిద్ధపరచినది. బంధువుల ల్యాప్‌టాప్‌పై అక్షర పట్టికనుండి ఒక్కొక్క గుర్తును ఏరి, తమ ఊరి పేరును, తన తాత పేరును ఆ లిపిలో కూర్చుకొన్నది. సెమినార్ రోజున హాలులోని యంత్రములో ఆ రెండు పేర్లున్న చోట గళ్ళ వరుసలు మాత్రమే కనిపించినవి. కొందరు నవ్విరి. ఆ బిడ్డ తడబడి, ఇచ్చట మా తాత పేరున్నది అని నోటితో చెప్పి ముందుకు సాగినది. పిల్లవాని పలకమీది తప్పునకు నవ్వవచ్చును గాని, ఉన్న పేరు కనబడకపోవుటకు నవ్వుట తగదు.

తరువాత మేమిద్దరము కూర్చుండి ఒక పెన్ డ్రైవుపై డెబియన్‌ను సిద్ధపరచితిమి. నోటో అను ఉచిత ఫాంట్ల కుటుంబములో తెలుగునకు, ఉర్దూ నస్తాలీఖ్ లిపికి, గుంజాల గోండికి మూడింటికిని ఫాంట్లు కలవు. వానిని నిలువ భాగములో స్థాపించితిమి. తెలుగునకు పోతన, వేమన ఫాంట్లు కూడ డెబియన్ భాండారములో ఉచితముగా లభించుచున్నవి. టైపు చేయుటకు ఐబస్ అను సాధనమును, దానిలో తెలుగునకు భారత ప్రభుత్వము ప్రమాణముగా స్వీకరించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును, ఉర్దూకు ఉచ్చారణ ననుసరించు కీబోర్డును చేర్చితిమి. కుడినుండి ఎడమకు నడచు ఉర్దూ వాక్యము, ఎడమనుండి కుడికి నడచు తెలుగు వాక్యము లిబ్రే ఆఫీసులో ఒకే పుటపై చక్కగా నిలిచినవి. మరల అదే హాలులో, అదే యంత్రమును ఆ పెన్ డ్రైవుతో నడుపగా, గళ్ళున్న చోట ఆమె తాత పేరు వెలిసినది. ఈ పర్యాయము ఎవరును నవ్వలేదు. యంత్రము మారలేదు, దానిని నడుపు వ్యవస్థ మారినది.

జాగ్రత్తలు – పరిమితులు

ఈ పద్ధతిని సర్వరోగ నివారిణిగా భావింపరాదు. దీనికి పరిమితులు కలవు. వాడువారికి బాధ్యతలును కలవు.

మొదటిది అనుమతి. ల్యాబు యంత్రమును పెన్ డ్రైవుతో నడుపుటకు ముందు అధ్యాపకుల అనుమతి తప్పక పొందవలెను. లినక్సు నడచుచున్నప్పుడు, రక్షణ లేని హార్డ్ డిస్కులోని పరుల ఫైళ్ళు కూడ కనిపించవచ్చును. తలుపు తెరచి యున్నదని పరుల ఇంటిలోనికి పోవుట ఎట్టిదో, వానిని తెరచుట అట్టిది. హార్డ్ డిస్కు జోలికి పోకుండుటయే మర్యాద. ఇన్‌స్టాల్ అను బొమ్మను నొక్కరాదు; అది లినక్సును హార్డ్ డిస్కులో స్థాపించుటకు ఉద్దేశించినది.

రెండవది, యంత్రపు స్థిరమైన ఏర్పాట్లను మార్చకుండుట. ఆ పూటకు మాత్రము పనిచేయు బూట్ పట్టికను వాడినచో చాలును. ఏర్పాట్లను మార్చినచో, బిట్‌లాకర్ తాళము గల విండోస్ యంత్రములు తరువాత 48 అంకెల సంకేతమును అడుగవచ్చును. అది తెలియనిచో ఆ యంత్రపు యజమానికి మన వలన కష్టము కలుగును.

మూడవది, పని ముగిసిన పిదప షట్ డౌన్ చేసి, యంత్రము పూర్తిగా ఆగినంతవరకు వేచియుండి, ఆ మీదటనే పెన్ డ్రైవును తీయవలెను. ఈ నియమమును నేనొకసారి తొందరలో మీరితిని. మూడు దినములు కూర్చిన పాఠముల ఫైలు తెరచుకొనలేదు. తప్పు నాదే గాని లినక్సుది కాదు.

నాల్గవది, పెన్ డ్రైవు ఆయుర్దాయము. దాని చిప్పులో ప్రతి భాగముపై ఇన్నిసార్లే వ్రాయుటకు వీలని పరిమితి కలదు. ఆపరేటింగ్ సిస్టము ఎడతెగక వ్రాయుచుండును గనుక అది మామూలు వాడుకకంటె త్వరగా అరుగును. వ్రేలెడు వస్తువు గనుక పోవుటయు సులభమే. కావున ముఖ్యమైన ఫైళ్ళకు రెండవ నకలు వేరొక చోట తప్పక ఉండవలెను. మార్కుల పత్రములు, ఆధార్ నకలు వంటివి దానిలో దాచువారు సంకేతపదముతో కూడిన గుప్తీకరణమును వాడవలెను. పోయిన పెన్ డ్రైవు ఎవరికి దొరకునో చెప్పలేము.

ఐదవది, విండోస్ కొరకే వ్రాయబడిన ప్రోగ్రాములు కొన్ని దీనిలో నడువవు. పరీక్షలో అట్టి ప్రోగ్రామే అడుగుదురన్నచో దానిని కూడ అభ్యసింపవలెను. కొన్ని యంత్రములలో వై-ఫై వెంటనే పనిచేయకపోవచ్చును. పెన్ డ్రైవు వేగము హార్డ్ డిస్కునకు, ముఖ్యముగా నేటి ఎస్.ఎస్.డి.లకు తీసికట్టు, కావున మొదటి తెర వచ్చుటకు కొంత ఓపిక అవసరము.

ఉపసంహారము

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. మన ప్రాంతపు విద్యాసంస్థలలో, కార్యాలయములలో విండోస్ 11 నియమములకు సరిపడని పాత యంత్రములు అనేకము కలవు. వానిని తుక్కుక్రింద అమ్ముటకు ముందు ఒక్కసారి లినక్సు పెన్ డ్రైవుతో నడిపి చూచుట మంచిది. నడచిన ప్రతి యంత్రము వెనుక ఒక విద్యార్థికి ఒక కుర్చీ లభించును.

విద్యార్థినీ విద్యార్థులారా! సొంత కంప్యూటరు కొనుట మీలో అనేకుల తల్లిదండ్రులకు నేడు భారమే. ఆ కొరత పెన్ డ్రైవుతో తీరునని చెప్పుట సత్యము కాదు. కూర్చుండుటకు యంత్రము కావలసినదే, దానిని కల్పించుట విద్యాసంస్థల బాధ్యతయే. కాని గంటసేపు లభించిన పరుల యంత్రము ఆ గంటసేపు పూర్తిగా మీదగునట్లు చేసికొను విద్య మీ చేతిలో నున్నది. ఇరువదియొక్క ఏండ్ల విద్యార్థి ప్రారంభించిన వ్యవస్థ నేడు ప్రపంచమంతట నడచుచున్నది. దానిని మీరు వాడుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. చదివి తెలిసికొనుటకు అడ్డు లేదు. తోటివారికి పంచుటకు రుసుము లేదు. ఈ సంవత్సరము మీలో ఒక్కొక్కరు ఒక పెన్ డ్రైవును సిద్ధపరచుకొని, దానిలో మీ భాషను, మీ లిపిని ముందుగా చేర్చుకొని, తరువాత మరియొకరికి ఆ పని నేర్పినచో ఈ వ్యాసము ప్రయోజనము నెరవేరినట్లే.